కండెన్సర్ మైక్ చిటపటలాడుతోందా? పోయిందని పక్కన పడేసే ముందు ఇవి చూడండి

తక్కువ ధర కండెన్సర్ మైక్‌లు తొందరగా పోతాయని చాలామంది అంటుంటారు, కానీ "పోయింది" అని మూలన పడేసిన మైక్‌లు తీసి చూస్తే చాలావాటికి ఏమీ అయి ఉండదు. కేబుల్‌లో ఒక వైరు ఊడి ఉంటుంది, లేదా ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారానే మైక్‌కి వెళ్లే కరెంట్) సరిగ్గా అందట్లేదు, లేదా లోపల చెమ్మ పట్టి ఉంటుంది. ఈ మూడిట్లో చెమ్మతోనే అసలు తలనొప్పి, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నా, మిగతావి చకచకా చెప్పేస్తా.

మీ మైక్ ఇప్పుడు బాగానే ఉంటే ఈరోజే ఒక పని చేసి పెట్టుకోండి. నోటికీ మైక్‌కీ మధ్య జానెడు దూరం ఉంచి ఒక నిమిషం మామూలు గొంతుతో మాట్లాడి రికార్డ్ చేయండి, తర్వాత ఫ్యాన్ గీన్ అన్నీ ఆపేసి ఒక అర నిమిషం ఏం మాట్లాడకుండా ఖాళీ గదిని కూడా రికార్డ్ చేయండి. గెయిన్ నాబ్ (మైక్ సౌండ్ ఎంత పెంచాలో తిప్పి పెట్టేది) ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసి ఆ ఫైల్ పక్కనే సేవ్ చేసుకోండి. కొన్ని నెలల తర్వాత "ముందు ఇంత నాయిస్ ఉండేది కాదే" అని అనుమానం వచ్చినప్పుడు అదే దూరం, అదే గెయిన్‌తో మళ్లీ రికార్డ్ చేసి రెండూ పక్కపక్కన వింటే విషయం అక్కడే తేలిపోతుంది. ఇది లేకపోతే ఊరికే ఊహించుకుంటూ కూర్చోవాల్సిందే.

ప్రాబ్లమ్ వచ్చాక మాత్రం ఒకసారికి ఒక్కటే మార్చండి. ముందు కేబుల్ మార్చండి, తర్వాత ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా) రెండో ఇన్‌పుట్‌కి పెట్టి చూడండి, ఆ తర్వాత వీలైతే వేరే మైక్ అదే కేబుల్‌కి పెట్టి చూడండి. కేబుల్, ఇన్‌పుట్, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగైనా సరే ఎందుకు బాగైందో తెలీదు, మళ్లీ వారానికి అదే గొడవ మొదలైతే మళ్లీ మొదటికే వస్తారు.

ఇప్పుడు చిటపట సంగతి. మాట్లాడకపోయినా నూనెలో ఏదో వేగుతున్నట్టు చిటచిటమంటుంది, మధ్యమధ్యలో టప్‌మని ఒక దెబ్బ, ఒక పది నిమిషాలు ఆన్‌లో ఉంచితే కొంచెం తగ్గుతుంది, పాడటం మొదలుపెట్టాక మళ్లీ పెరుగుతుంది. ఇలా ఉంటే దాదాపుగా చెమ్మే. ఎందుకంటే కండెన్సర్ క్యాప్సూల్ అంటే మిల్లీమీటర్‌లో కొన్ని వెయ్యో వంతుల మందం ఉన్న ప్లాస్టిక్ పొర, దాని మీద సన్నటి మెటల్ పూత, చాలా మైక్‌లలో అది బంగారమే, దాని వెనక వెంట్రుకవాసి దూరంలో ఒక మెటల్ ప్లేట్. ఆ రెండిటి మధ్య నిలిచే ఎలక్ట్రిక్ చార్జ్‌తోనే సౌండ్ తయారవుతుంది. ఆ చార్జ్ ఎక్కడికీ కారిపోకుండా ఉండాలని లోపల గిగా ఓమ్ రేంజ్‌లో, అంటే వంద కోట్ల ఓమ్‌ల లెక్కన ఉండే రెసిస్టర్లు వాడతారు. అంత పెద్ద రెసిస్టెన్స్ ఉన్న చోట మన ఊపిరిలోని తేమ ఒక సన్నటి పొరలా పట్టినా, వేలి జిడ్డు అంటుకున్నా కరెంట్‌కి దొడ్డిదారి దొరికినట్టే, అది పోతూ ఆగుతూ ఉంటే మనకి చిటపటలాగా వినిపిస్తుంది.

దీనికి రిపేర్ అక్కర్లేదు, ఆరబెట్టాలి, అంతే. గాలి చొరబడని ఒక ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, మైక్ పట్టేంతది, అందులో సిలికా జెల్ ప్యాకెట్లు నాలుగైదు వేసి మైక్ పెట్టి మూతపెట్టి ఒక రోజు, బాగా చెమ్మ పట్టి ఉంటే రెండు మూడు రోజులు వదిలేయండి. తీశాక ఇంటర్‌ఫేస్‌కి పెట్టి కాసేపు ఫాంటమ్ ఆన్‌లో ఉంచి అప్పుడు వినండి. చాలా మైక్‌లు ఇక్కడే బాగైపోతాయి. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ మాత్రం పెట్టొద్దు, ఎండలో కూడా పెట్టొద్దు. తక్కువ ధర మైక్‌లలో చాలావరకు ఉండేది ఎలక్ట్రెట్ క్యాప్సూల్, అంటే చార్జ్‌ని తయారీలోనే దాంట్లో నింపేసి ఉంటారు, ఎక్కువ వేడి తగిలితే ఆ చార్జ్ తగ్గిపోతుంది, తగ్గింది మళ్లీ ఇంట్లో నింపలేం. పైగా డ్రయ్యర్ గాలికే ఆ పొర దెబ్బతినొచ్చు.

ఆరబెట్టినా చిటపట పోకపోతే, వారంటీ అయిపోయి ఉండి సోల్డరింగ్ అదీ కాస్త అలవాటుంటే, మైక్ బాడీ విప్పి లోపలి బోర్డు చూడండి. క్యాప్సూల్ నుంచి వచ్చే సన్నటి వైరు బోర్డు మీద ఎక్కడ కలుస్తుందో ఆ చోటు చుట్టూ పసుపు గోధుమ రంగులో జిగటగా ఏమైనా కనిపిస్తోందా? అది సోల్డర్ చేసినప్పుడు మిగిలిన ఫ్లక్స్, తక్కువ ధర మైక్‌లలో కొన్నిసార్లు దాన్ని సరిగ్గా కడగరు, అది చెమ్మని పట్టుకుని కూర్చుంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన చిన్న బ్రష్‌తో ఆ చోట మెల్లగా రుద్ది పూర్తిగా ఆరనివ్వండి, ఆ తర్వాత అక్కడ చేత్తో ముట్టుకోకండి. ఆల్కహాల్ బోర్డు వరకే, క్యాప్సూల్ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. క్యాప్సూల్ మీద దుమ్ము కనిపించినా తుడవొద్దు, ఊదొద్దు, స్ప్రే క్యాన్ గాలి అసలే కొట్టొద్దు. కొంచెం దుమ్ముతో మైక్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది, చిరిగిన పొరతో పనిచేయదు.

అదే కేబుల్ కదిపినప్పుడే కర్‌ర్‌ర్ మంటుంటే అది చెమ్మ కాదు. మైక్ కదలకుండా పట్టుకుని కేబుల్ రెండు చివర్లా కొంచెం కొంచెం వంచుతూ హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఎక్కడ వంచితే శబ్దం వస్తోందో అక్కడే తెగింది. మైక్ కింద ఉండే ఎక్స్ఎల్ఆర్ సాకెట్ (మూడు పిన్నులు ఉండే గుండ్రటిది) వదులైనా ఇలాగే అవుతుంది, పక్కనో లోపలో ఉన్న చిన్న స్క్రూ చూడండి. కొన్నిట్లో ఆ స్క్రూ తిరగేసి పనిచేస్తుంది, బయటికి తిప్పితేనే బిగుస్తుంది, కాబట్టి బలం పెట్టకుండా రెండు వైపులా మెల్లగా తిప్పి చూడండి.

ఫాంటమ్ పవర్ దగ్గరికొస్తే, స్టాండర్డ్ ప్రకారం ఇంటర్‌ఫేస్ ఇవ్వాల్సింది 48 వోల్టులు, నాలుగు అటూ ఇటూ పర్లేదు. ఇది రెండో పిన్, మూడో పిన్ రెండిట్లోనూ సమానంగా రావాలి. చవక మల్టీమీటర్ చాలు చెక్ చేయడానికి. మైక్ తీసేసి, కేబుల్ మైక్ వైపు చివర, అంటే రంధ్రాలు ఉన్న వైపు, డీసీ 200 వోల్టుల రేంజ్‌లో పెట్టి నల్ల ప్రోబ్ ఒకటో రంధ్రంలో, ఎర్రది రెండో దాంట్లో, తర్వాత మూడో దాంట్లో పెట్టి చూడండి. నంబర్లు రంధ్రాల పక్కనే చిన్నగా ఉంటాయి. రెండు చోట్లా 44 నుంచి 52 మధ్య చూపిస్తే బాగున్నట్టు. ఒకచోట 48, ఇంకోచోట సున్నా అంటే కేబుల్‌లో ఒక వైరు పోయినట్టు, కేబుల్ లేకుండా నేరుగా ఇంటర్‌ఫేస్ సాకెట్ దగ్గర కూడా అలాగే ఉంటే ఇంటర్‌ఫేస్‌దే తప్పు. ఇలా సగం పవర్‌తో నడిచే మైక్ పూర్తిగా ఆగిపోదు, అదే మోసం, సౌండ్ చిన్నగా వస్తుంది, గట్టిగా పాడితే పగులుతుంది, నిందంతా మైక్ మీద పడుతుంది.

బీఎమ్ 800 అని రకరకాల కంపెనీల పేర్లతో అమ్మే మైక్‌తో ఒకవైపు ఎక్స్ఎల్ఆర్, ఇంకోవైపు 3.5 ఎంఎం పిన్ ఉన్న కేబుల్ ఇస్తుంటారు కదా, దాన్ని నేరుగా కంప్యూటర్‌కి గుచ్చితే మైక్‌కి అందేది కొద్ది వోల్టులే. సౌండ్ నూతిలోంచి వచ్చినట్టు ఉందని, పెంచితే బుస్సుమంటోందని అనేవాళ్లలో చాలామంది ఇలా వాడేవాళ్లే. ఇంకో మైక్ కొనేముందు ఫాంటమ్ ఇచ్చే ఒక ఇంటర్‌ఫేస్ చూసుకోవడం మేలు అని నా అభిప్రాయం. ఇంకోటి, ఇలాంటి లావుపాటి మైక్‌లలో చాలావరకు పక్కనుంచి మాట్లాడాల్సినవి, పైనుంచి కాదు. ఎక్కువ మైక్‌లకి లోగో ఉన్న వైపే ముందు వైపు. వెనక వైపు పాడుతూ "సౌండ్ పల్చగా ఉంది" అనుకునేవాళ్లు తక్కువేం కాదు.

గుయ్‌మని కిందిస్థాయిలో హమ్ వస్తుంటే మైక్ జాలీని చేత్తో పట్టుకుని చూడండి. పట్టుకోగానే హమ్ మారితే, జాలీకీ బాడీకీ మధ్య ఎర్త్ కనెక్షన్ లేనట్టు. తరచుగా కారణం ఏంటంటే స్క్రూ మరల మీద కూడా పెయింట్ వేసేసి ఉంటారు, కలిసే చోట కొంచెం పెయింట్ గీకితే పోతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేస్తే హమ్ పోతోందంటే మైక్‌కి సంబంధమే లేదు. సన్నగా కీచుమనే శబ్దానికి యూఎస్‌బీ పోర్ట్ మార్చి చూడండి.

ఇక ఎక్కువకాలం రావాలంటే రోజూ చేయాల్సింది పెద్దగా ఏం లేదు. పాప్ ఫిల్టర్ (నోటికీ మైక్‌కీ మధ్య పెట్టే తెర) పెట్టకుండా పాడొద్దు, అది ప, బ శబ్దాల దెబ్బ ఆపడానికే కాదు, నోటి తుంపరలు క్యాప్సూల్ దాకా వెళ్లకుండా కూడా ఆపుతుంది. ఫాంటమ్ ఆఫ్ చేసి, ఒక అర నిమిషం ఆగి అప్పుడు కేబుల్ పీకండి, పెట్టేటప్పుడు కూడా కేబుల్ పెట్టాకే ఫాంటమ్ ఆన్, అప్పుడు స్పీకర్లు మ్యూట్‌లో ఉండాలి. పాడటం అవ్వగానే వేడివేడిగా పౌచ్‌లో పెట్టి జిప్ వేసేయకండి, ఊపిరి తేమ లోపలే ఉండిపోతుంది, కాసేపు బయట ఆరనిచ్చి అప్పుడు సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. రంగు మారే గింజలైతే ఆరెంజ్‌వి చెమ్మ పీల్చాక ఆకుపచ్చగా మారతాయి, అప్పుడు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు, నీలం రంగువి గులాబీ రంగుకి మారతాయి గానీ వాటిలో సాధారణంగా ఉండే కోబాల్ట్ క్లోరైడ్ విషం, అందుకే నేనైతే ఆరెంజ్‌వే కొనమంటాను. బాగా చల్లగా ఉన్న గదిలోంచి ఉక్కగా ఉన్న గదిలోకి మైక్ తెస్తే వెంటనే డబ్బా తెరవకండి, ఒక అరగంట ఆగండి, లేకపోతే కళ్లద్దాల మీద పట్టినట్టు క్యాప్సూల్ మీద ఆవిరి పడుతుంది.

జాలీ లోపల ఉండే స్పాంజ్‌ని మాత్రం చాలామంది పట్టించుకోరు. ఏళ్లు గడిచేకొద్దీ అది జిగటగా అయ్యి, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది, ఆ పొడి నేరుగా వెళ్లి క్యాప్సూల్ మీదే పడుతుంది. ఏడాదికోసారి జాలీ విప్పి చూసి, రాలే స్థితికి వస్తే తీసేయండి. జాలీని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా, అంటే నిజంగా పూర్తిగా, ఆరాకే తిరిగి బిగించండి.

స్టాండ్ మీంచి కింద పడితే ముందు ఆ పాత రికార్డింగ్ తీసి పోల్చండి. లెవెల్ బాగా తగ్గి, లోతు పోయి సన్నగా వినిపిస్తూ, కేబుల్, ఫాంటమ్ రెండూ బాగున్నాయని తేలితే క్యాప్సూల్ దెబ్బతినుండొచ్చు, కొన్ని మోడల్స్‌కి విడిగా క్యాప్సూల్ దొరుకుతుంది, రెండు వైర్ల సోల్డరింగ్ పని. దొరక్కపోతే ఆ మైక్ మీద ఇంకా డబ్బు పెట్టకండి, బాడీ, షాక్ మౌంట్ (స్టాండ్ మీద మైక్‌ని పట్టుకునే సాగే తాళ్ల చట్రం), కేబుల్ దాచుకుని కొత్తది తీసుకోండి. తీసుకున్న రోజే ఆ ఒకటిన్నర నిమిషం రికార్డింగ్ చేసేయండి.