ఎడిటింగ్ షార్ట్‌కట్లు మన చేతికి తగ్గట్టు పెట్టుకోవాలంటే

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో కూర్చుని రీల్స్ ఎడిట్ చేసే మనోళ్లు చాలామంది ఇంకా ప్రతి కట్‌కీ మౌస్‌తో మెనూల చుట్టూ తిరుగుతుంటారు, అంత అవసరం లేదు బాబూ. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో అయినా డావిన్చీ రిజాల్వ్ అయినా కంట్రోల్, ఆల్ట్, కె కలిపి నొక్కండి, మ్యాక్ అయితే కమాండ్, ఆప్షన్, కె, షార్ట్‌కట్ల విండో వచ్చేస్తుంది, అందులో సెర్చ్ దగ్గర రిపుల్ (ముక్క తీసేస్తే ఆ ఖాళీ దానంతటదే మూసుకుపోయే రకం) అని ఇంగ్లీషులో కొడితే ఆ కమాండ్లన్నీ కనబడతాయి, ఎడమ చేతికి అందే కీ ఏదోటి ఇచ్చుకోండి. ఆ కీ ముందే వేరేదానికి ఉంటే అక్కడే చెప్తుంది, చదవకుండా ఓకే కొట్టేయకండి. ప్రీమియర్‌లో క్యూ, డబ్ల్యూ మాత్రం కదపొద్దు, ప్లేహెడ్‌కి, అంటే టైమ్‌లైన్ మీద ఇప్పుడు ఎక్కడున్నామో చూపించే గీతకి, ముందున్న ముక్కనీ తర్వాతి ముక్కనీ గ్యాప్ రాకుండా లేపేసేవి అవే, నా లెక్కలో సగం ఎడిటింగ్ వాటిమీదే నడుస్తుంది. రిజాల్వ్‌కి కొత్తగా మారారా, అదే విండోలో పైన కుడివైపు ప్రీమియర్ ప్రో ప్రీసెట్, అంటే ఆ షార్ట్‌కట్లే రెడీగా ఉన్న సెట్ ఉంటుంది, అది పెట్టి సేవ్ కొట్టండి.