మంత్రాల నిబంధనలు చదవడం – 3వ పాఠం: మాయమైనవాడు ఏం చేస్తే కనబడతాడు?

పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మంత్రాల నిబంధనలు ఎట్లా చదవాలో చూస్తున్నాం. పోయిన పాఠంలో మంత్రానికి పైన ఉండే వరుసలు చూశాం: స్థాయి, రేంజ్ (ఎంత దూరం పారుతుంది), డ్యురేషన్ (ఎంతసేపు ఉంటుంది). ఈసారి వాటికింద ఉండే వివరణ. పేచీలన్నీ అక్కడే పుడతాయి. దగ్గర పెట్టుకోవాల్సినవి: ఇన్విజిబిలిటీ (మనిషిని మాయం చేసే) మంత్రం ఉన్న పేజీ, పోరాటం గురించిన అధ్యాయం, ఒక నోటు పుస్తకం.

ముందుగా ఒక జాగ్రత్త. నెల్లూరులో ఆడినా ఒంగోలులో ఆడినా నిబంధన ఇంగ్లీషులో ఉంటుంది, వాదన తెలుగులో నడుస్తుంది. 'క్రీచర్' అన్నదాన్ని 'ప్రాణి' అని చెప్పారనుకోండి, "జాంబీకి ప్రాణమే లేదు గదన్నా, దానిమీద మంత్రం ఎట్ట పారుద్ది?" అని ఒకడు లేస్తాడు. నిబంధనల ప్రకారం జాంబీ క్రీచరే, అన్‌డెడ్ (చచ్చి కూడా తిరిగేవి) అనేది అందులో ఒక రకం. కాబట్టి ఇలాంటి మాటల్ని తెనిగించకుండా అట్లాగే పలకండి. 'అటాక్' కూడా అంతే. దాన్ని 'కొట్టడం' అన్నారా, ఇక తెల్లార్లూ తేలదు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నిబంధనల్లో ఇన్విజిబిలిటీ రెండో స్థాయి మంత్రం. వేసినవాడి ఏకాగ్రత చెడకపోతే గంటదాకా ఉంటుంది. మాయమైనవాడు అటాక్ చేసినా, తాను మంత్రం వేసినా వీడిపోతుంది.

ఇప్పుడు బల్లమీద ఉదయగిరి లాంటి కొండకోట ఉందనుకుందాం. మాయమైన దొంగ బురుజెక్కి, కాగే నూనె బానను కింద కాపలావాళ్లమీదికి వంచాడు. గేమ్ మాస్టర్ (ఆట నడిపేవాడు) కాపలావాళ్లచేత డెక్స్‌టెరిటీ సేవ్ (చురుగ్గా తప్పుకోవడానికి వేసే పాచిక) వేయించాడు. దొంగ కనబడతాడా?

"మనుషుల్ని నూనెలో వేయించి అటాక్ కాదంటే ఎట్టన్నా?" అంటారు. సబబే అనిపిస్తుంది. కానీ పోరాట అధ్యాయం తీయండి: అనుమానం వస్తే చూడాల్సింది ఒకటే, అటాక్ రోల్ (దెబ్బ తగిలిందా లేదా తేల్చే పాచిక) వేస్తుంటే అది అటాక్. ఇక్కడ దొంగ 20 ముఖాల పాచిక వేయలేదు, పాచిక వేసింది కాపలావాళ్లు. మాయ వీడదు. అదే నూనె సీసాను గురిచూసి విసిరితే అటాక్ రోల్ పడుతుంది, కనబడతాడు. బాన వేలాడే తాడు కోయడానికి గేమ్ మాస్టర్ అటాక్ రోల్ అడిగితే అదీ అటాకే. ఎదురుగా ఉన్నది మనిషా తాడా అన్నది లెక్కలోకి రాదు.

ఒక మెలిక ఉంది. 2014లో ఒకణ్ని ఒడిసిపట్టుకోవడానికి, అంటే గ్రాపుల్‌కి, అటాక్ రోల్ ఉండదు, ఇద్దరూ బలాబలాలు తేల్చుకునే పాచికలు వేస్తారు. అయినా పుస్తకం దాన్ని ప్రత్యేకమైన అటాక్ అని పేరుపెట్టి మరీ చెప్పింది. కాబట్టి పట్టుకుంటే మాయ పోతుంది. సాధారణ సూత్రంకన్నా ఆ పనికని విడిగా రాసిన మాటదే పైచేయి.

2024 నిబంధనల్లో ఇదంతా తిరగబడింది. అక్కడ మాయ వీడేది అటాక్ రోల్ వేసినా, డ్యామేజ్ చేసినా, మంత్రం వేసినా. నూనె బాన వంచినవాడు డ్యామేజ్ చేశాడు, కనబడతాడు. గ్రాపుల్‌కి మాత్రం ఇప్పుడు ఎదుటివాడు సేవ్ వేస్తాడు, డ్యామేజ్ లేదు. అక్షరాలా చదివితే మాయ నిలుస్తుంది! ఒకరి ఫోన్‌లో 2014, ఇంకొకరి చేతిలో 2024 ఉంటే ఇద్దరూ నిజమే చెబుతూ గంట పోట్లాడుకుంటారు. మొదట ఏ ఏడాదిదో అడగండి.

ఇవన్నీ చూశాక కూడా రెండు అర్థాలు మిగిలితే స్థాయితో తూచండి. గ్రేటర్ ఇన్విజిబిలిటీ నాలుగో స్థాయిది, అటాక్ చేసినా వీడదు, కానీ ఉండేది ఒక్క నిమిషం. మీ తీర్పుతో రెండో స్థాయి మంత్రం గంటసేపు ఆ పనే చేసిపెడుతుంటే తీర్పు బెసికినట్టే. నూనె బాన ఒక్కసారికి ఖాళీ అవుతుంది కాబట్టి దానితో ఇబ్బంది లేదు.

ఆట మధ్యలో రెండు నిమిషాలకు మించి వెతకొద్దు. గేమ్ మాస్టర్ చెప్పింది ఆ పూటకు ఖాయం. నోటు పుస్తకంలో మంత్రం పేరు, నిబంధనల ఏడాది, తీర్పు రాయండి. వచ్చే ఆదివారం మాయమైన గోబ్లిన్ మీ నెత్తిన నూనె పోస్తే అదే పేజీ తీయాలి.

వచ్చే పాఠానికి రెండు లెక్కలు. ఒకటి: 2024 ప్రకారం ఆడుతున్నారు. మాయమైన దొంగ కుక్కల దొడ్డి తలుపు తీశాడు, కుక్కలు కాపలావాణ్ని కరిచాయి. డ్యామేజ్ చేసింది ఎవరు? రెండు: క్రియేట్ ఆర్ డిస్ట్రాయ్ వాటర్ ఒకటో స్థాయి మంత్రం, 10 గ్యాలన్ల నీళ్లిస్తుంది. అంటే సుమారు 38 లీటర్లు, రెండు మినరల్ వాటర్ క్యాన్లకు రెండు లీటర్లు తక్కువ. ఆ నీళ్లను శత్రువు ఊపిరితిత్తుల్లో పుట్టిస్తానంటాడు మీ పూజారి. వివరణలో నీళ్లు ఎందులో పుట్టాలని ఉందో ఆ రెండు మాటలు వెతికి రాసుకోండి. ఆపైన, 2014లో ఒక్క మాటతో చంపే తొమ్మిదో స్థాయి మంత్రం పవర్ వర్డ్ కిల్ సైతం 100 హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) దాటినవాణ్ని ఏమీ చేయలేదన్న సంగతితో పోల్చి చూడండి.