భజనకు పనికివచ్చేలా కీబోర్డులో పాటను రికార్డు చేసుకోవడం

కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్, రాజురా, సిరొంచ వంటి మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లలో కీబోర్డు నేర్చుకునే తెలుగు పిల్లల చేతికి రెండు భాషల పాటలు వస్తాయి. శనివారం రామభజనలో తెలుగు కీర్తనకు వాయించిన చేతులే ఏకాదశినాడు మరాఠీ అభంగానికి కూడా వాయించాలి. ఇటువంటి బృందాలలో పాడేవారు పదిమంది ఉన్నా వాయించేవారు తరచుగా ఒక్కరే ఉంటారు కనుక, ఆ ఒక్కరూ పరీక్షలకో పెళ్లికో వెళ్లిన రోజున పాట వెలవెలబోతుంది. కీబోర్డులో ముందే ఉన్న రికార్డింగ్ సౌకర్యాన్ని పద్ధతిగా వాడుకుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. అయితే ఎక్కువమంది ఆ బటన్‌ను ఒకసారి నొక్కి చూసి, వచ్చినది నచ్చక వదిలేస్తున్నారు. అది దేనిని నమోదు చేస్తుందో ముందుగా తెలుసుకోకపోవడమే దీనికి అసలు కారణమని నా అభిప్రాయం.

మామూలు కీబోర్డులో 'సాంగ్ రికార్డ్' అన్నప్పుడు ధ్వని రికార్డు కాదు. మీరు ఏ మీటను, ఏ క్షణంలో, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, ఏ వాద్యస్వరాన్ని ఎంచుకున్నారు, పెడల్‌ను ఎప్పుడు తొక్కారు అనే వివరాలు మాత్రమే వరుసగా నమోదవుతాయి. పాటను కాగితంపై స్వరాలతో రాసి పెట్టుకున్నట్టే ఇది. తిరిగి వినిపించమన్నప్పుడు యంత్రం ఆ వివరాలను చదివి, అప్పటికప్పుడు కొత్తగా వాయిస్తుంది. 1983లో వచ్చిన మిడి అనే ప్రమాణం ఈ పద్ధతికి ఆధారం. అందులో ప్రతి మీటకూ ఒక సంఖ్య ఉంటుంది, నొక్కిన బలాన్ని 127 వరకు ఉండే అంకెలతో కొలుస్తారు, పదహారు ఛానెళ్లలో పదహారు వాద్యాలను ఒకేసారి నడపవచ్చు. ధ్వనిని నమోదు చేయలేదు కనుకనే, ఇలా రికార్డు చేసిన పాట వేగాన్ని సగానికి తగ్గించినా శృతి మారదు. వేణువుతో వాయించినదానిని తరువాత షెహనాయిగా మార్చుకోగల మోడళ్లు కూడా ఉన్నాయి.

రెండవ పద్ధతి ఆడియో రికార్డింగ్. ఇది కొన్ని మోడళ్లలోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేస్తే సీడీ నాణ్యత గల వేవ్ ఫైలు తయారవుతుంది. నిమిషానికి సుమారు 10 ఎంబీ స్థలం తీసుకునే ఈ ఫైలు ఫోనులోనూ కారులోనూ ఎక్కడైనా వినిపిస్తుంది కానీ, ఒక్క స్వరం తప్పినా దానిని విడిగా దిద్దడానికి వీలుండదు. అందువల్ల పాటను మొదట మిడి పద్ధతిలో నిలబెట్టుకుని, అంతా కుదిరిన తరువాత అదే పాటను మోగిస్తూ ఆడియోగా తీసుకోవడం మంచిది.

బటన్ నొక్కే ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం శృతి. మన గాయకులు 'ఐదున్నర శృతి' అని అడుగుతారు. పక్కనే పేటీ (హార్మోనియం) వాయించే మరాఠీ భజనీ మండలివారు అదే స్థాయిని 'కాళీ చార్' అంటారు. రెండూ జీ షార్ప్ మీటే. అదేవిధంగా ఒకటిన్నర శృతి కాళీ ఏక్, రెండున్నర కాళీ దోన్, నాలుగున్నర కాళీ తీన్, ఆరున్నర కాళీ పాచ్ అవుతాయి. ఒకటి శృతి పాంఢరీ ఏక్, అంటే సీ మీట. పాటను ఒకటి శృతిలోనే సాధన చేసినవారు ఐదున్నరకు వెళ్లాలంటే ట్రాన్స్‌పోజ్‌ను (మీటలన్నిటి శృతిని ఒకేసారి పైకో కిందికో జరిపే అమరికను) మైనస్ 4కు, రెండున్నరకు వెళ్లాలంటే ప్లస్ 3కు మార్చుకుంటే సరిపోతుంది, వేళ్ల వరుస మార్చుకోనక్కరలేదు. రికార్డు చేసేటప్పుడు మాత్రం ట్రాన్స్‌పోజ్‌ను సున్నాలో ఉంచి, తేలికైన మెట్టులోనే వాయించమని చెబుతాను. చాలా మోడళ్లలో ఈ మార్పు మోగుతున్న పాటకు కూడా వర్తిస్తుంది కనుక, ఏ రోజు ఎవరు పాడితే వారి గొంతుకు తగినట్టు అప్పుడే మార్చుకోవచ్చు. కొన్నింటిలో అది మీటలకు మాత్రమే పనిచేస్తుంది, పాటకు వేరే అమరిక ఉంటుంది. మీ కీబోర్డు ఏ రకమో రెండు స్వరాలు రికార్డు చేసి, ట్రాన్స్‌పోజ్ మార్చి వింటే తెలిసిపోతుంది.

రెండవది తాళం. యమహా పీఎస్‌ఆర్-ఐ500, క్యాసియో సీటీ-ఎక్స్870ఐఎన్ వంటి భారతీయ మోడళ్లలో మన దేశపు తాళాలకు తగిన రిథమ్‌లు సిద్ధంగా ఉంటాయి. ఎనిమిది మాత్రల కెహర్వా నడకలో మన ఆదితాళపు భజనలు చాలావరకు ఒదుగుతాయి. రూపక నడకలో సాగే మంగళహారతులకు ఆరు మాత్రల దాద్రాను ప్రయత్నించవచ్చు. మిశ్రచాపు పాటకు సరిపోయే రిథమ్ దొరకనప్పుడు నాలుగు మాత్రల రిథమ్‌లో దానిని బలవంతంగా ఇరికించవద్దు. మెట్రొనోమ్ లెక్కను ఏడుకు మార్చుకుని, రిథమ్ లేకుండా రికార్డు చేసి, పాడేటప్పుడు డోలక్‌నో తాళాలనో నేరుగా వాయించుకోవడమే వినసొంపుగా ఉంటుంది. మెట్రొనోమ్ టిక్కుటిక్కు శబ్దం మిడి రికార్డులోకి రాదు కనుక దానిని మోగనిచ్చి నిశ్చింతగా వాయించవచ్చు.

ఇక ఎక్కువమందికి తెలియకుండానే పాటను చెడగొట్టే చోటు ఒకటి ఉంది, అది ఎత్తుగడ, అంటే తాళంలో పాట మొదలయ్యే చోటు. చాలా కీబోర్డులలో రికార్డ్ బటన్ నొక్కాక రికార్డింగ్ వెంటనే మొదలవదు. మీరు మొదటి మీటను నొక్కిన క్షణాన్నే అది ఒకటో ఆవర్తంలో (తాళపు ఒక పూర్తి చుట్టులో) ఒకటో మాత్రగా లెక్కిస్తుంది. సమంలో, అంటే ఆవర్తపు మొదటి మాత్రలో, మొదలయ్యే పాటకు ఇది సరిగ్గానే ఉంటుంది. కానీ మన కీర్తనలు, అభంగాలు అనేకం సమం దాటిన తరువాత అర మాత్రకో ఒకటిన్నర మాత్రకో ఎత్తుకుంటాయి. అటువంటి పాటను నేరుగా వాయిస్తే యంత్రం లెక్క మీ లెక్కకు ముందో వెనకో ఉండిపోతుంది. మీ చెవికి తాళం తప్పలేదనిపిస్తుంది కానీ, తరువాత రిథమ్ కలిపినప్పుడు డోలక్ దెబ్బ తప్పుడు అక్షరం మీద పడుతుంది. దీనికి విరుగుడు సులభం. మొదటి మీటతో కాకుండా స్టార్ట్ బటన్‌తో రికార్డింగ్ ప్రారంభించి, ఒక ఆవర్తం పూర్తిగా ఖాళీగా వదిలి, రెండవ ఆవర్తంలో పాట ఎక్కడ ఎత్తుకోవాలో అక్కడే ఎత్తుకోవాలి. ఆ ఖాళీ ఆవర్తం పాడేవారికి కూడా ఆధారంగా ఉంటుంది.

విడిగా రికార్డు చేసి, తరువాత కలిపి మోగించగల ఒక్కొక్క భాగాన్ని ట్రాకు అంటారు. చిన్న కీబోర్డులలో రెండు ట్రాకులు, కొంచెం పెద్దవాటిలో ఐదారు ట్రాకులు ఉంటాయి. మొదట రిథమ్ ట్రాకును పాట చివరి వరకు వేయాలి: ఎడమ చేతితో కార్డులు (కలిపి నొక్కే స్వరాల గుంపులు) మాత్రమే మారుస్తూ, పాటను మనసులో పాడుకుంటూ, పల్లవి మొదలుకొని చివరి చరణం తరువాత పల్లవి తిరిగి వచ్చేదాకా సాగాలి. రికార్డింగ్ నడుస్తుండగా రిథమ్ విభాగాన్ని ఆన్ చేయడం, ఆఫ్ చేయడం చాలా మోడళ్లలో కుదరదు కనుక దానిని ముందే ఆన్ చేసి ఉంచాలి. తరువాత ఆ ట్రాకు మోగుతుండగా రెండవ ట్రాకులో పాట వరసను వాయించాలి. వేగాన్ని మామూలుకంటే బాగా తగ్గించి వాయించండి. నిమిషానికి 96 మాత్రల వేగంలో నడవవలసిన పాటను 70లో వాయించి, వినేటప్పుడు 96కు పెంచుకోవడంలో ఏ దోషమూ లేదు. ఇది సాధన తక్కువని చెప్పే గుర్తు కూడా కాదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. అప్పటికే రికార్డు అయిన ట్రాకును మళ్లీ ఎంచుకుని రికార్డు చేస్తే పాతది చెరిగిపోతుంది, దానిని వెనక్కి తెచ్చే మార్గం చిన్న మోడళ్లలో లేదు. తప్పిన చోటును మాత్రమే మళ్లీ వాయించే పంచ్-ఇన్ సౌకర్యం అన్ని కీబోర్డులలోనూ ఉండదు. ఐదారు ట్రాకులు ఉన్నవారు దీనిని వేరే విధంగా సాధించవచ్చు: పల్లవిని ఒక ట్రాకులో, మొదటి చరణాన్ని ఇంకొక ట్రాకులో, రెండవ చరణాన్ని మరొక దానిలో వాయించాలి. చరణం ట్రాకును రికార్డు చేసేటప్పుడు పల్లవి ముగిసేదాకా చేతులు కట్టుకుని వింటూ కూర్చుని, తన వంతు రాగానే వాయిస్తే చాలు. మూడవ నిమిషంలో ఒక స్వరం తప్పినందుకు పాట మొత్తాన్ని మళ్లీ వాయించే శ్రమ దీనితో తప్పుతుంది, పిల్లల ఓపిక కూడా నిలుస్తుంది.

గమకం విషయంలో మన అంచనాలు కొంచెం సర్దుకోవాలి. స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ చక్రం ఉన్న కీబోర్డులో దాని కదలిక కూడా నమోదవుతుంది కానీ, చక్రం లేని చోట జారుస్వరాలు మెట్లు మెట్లుగానే వినిపిస్తాయి. అందుకే భజనకు సిద్ధం చేసే రికార్డులో వరసను నిరాడంబరంగా వాయించి, గమకాన్ని గొంతుకే వదిలేయడం ఔచిత్యమని భావిస్తాను.

కరెంటు విషయం చిన్నదే కానీ మరువరాదు. రికార్డింగ్ మధ్యలో కీబోర్డు ఆగిపోతే అప్పటిదాకా వాయించినది పోతుంది. బ్యాటరీలు లోపల ఉన్నా, అడాప్టర్ నుంచి వచ్చే కరెంటు ఆగిన క్షణంలో ఆగిపోయే మోడళ్లు ఉన్నాయి. కోత ఉండే వేళలలో అడాప్టర్ తీసేసి బ్యాటరీల మీదే నడపండి, లేదా ఇన్వర్టర్ ఉన్న గదిలో కూర్చోండి. కొంతసేపు ఏ మీటనూ ముట్టుకోకపోతే తనంతట తానే ఆగిపోయే ఆటో పవర్ ఆఫ్‌ను భజన జరిగే రోజున తీసివేయాలి. యమహా పీఎస్‌ఆర్-ఇ వరుసలో కుడి చివరి తెల్ల మీటను నొక్కి పట్టి పవర్ ఆన్ చేస్తే లోపల దాచుకున్నవి చెరిగిపోతాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇది గుర్తుంచుకోవలసిన మాట.

భజన స్థలంలో వినిపించేటప్పుడు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మిక్సర్‌కు వైరు కలుపుతారు. ఆ రంధ్రం స్టీరియో. స్టీరియో పిన్ను గల వైరును మిక్సర్‌లోని ఒకే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో (రెండు తీగల మధ్య తేడాను మాత్రమే తీసుకునే రంధ్రంలో) పెడితే కుడి ఎడమ ధ్వనులు ఒకదానినొకటి కొట్టివేసుకుని, పాట వరస మాయమై, ఏదో డొల్ల శబ్దం మాత్రమే మిగులుతుంది. సౌండ్ సిస్టమ్ వారు కీబోర్డు పాడైందంటారు, నిజానికి అది పాడవదు. ఒక వైపు స్టీరియో పిన్ను, మరొక వైపు రెండు మోనో పిన్నులు ఉన్న వై కేబుల్ తెచ్చుకుని రెండు ఛానెళ్లలో పెట్టాలి. పిన్ను పెట్టేటప్పుడు రెండు చోట్లా శబ్దాన్ని పూర్తిగా తగ్గించి ఉంచాలి. పాట శబ్దానికీ మీటల శబ్దానికీ వేర్వేరు అమరికలు ఉంటాయి. వరస ట్రాకును ఆపి, రిథమ్ ట్రాకును మాత్రమే మోగిస్తే నేర్చుకునే పిల్లలు దానిపై తమ చేతితో వరస వాయించవచ్చు. కష్టమైన సంగతి (వరస మలుపు) ఉన్న ఆవర్తాలను ఏ-బి రిపీట్‌తో పదేపదే తిప్పి సాధన చేయించవచ్చు. ఎత్తుగడ సరిగ్గా కుదిరి ఉంటేనే ఆ తిప్పడం కూడా తాళంలో పడుతుంది.

చివరగా పాటను కీబోర్డు బయట కూడా దాచాలి. పెన్‌డ్రైవ్ పెట్టే వీలున్న మోడళ్లలో పాటను స్టాండర్డ్ మిడి ఫైలుగా మార్చి దాచుకోవచ్చు. మిగిలినవారు ఓటీజీ కేబుల్‌తో (ఫోనుకు యూఎస్‌బీ పరికరాలను కలిపే వైరుతో) కీబోర్డును ఫోనుకు కలిపి, మిడి రికార్డు చేసే యాప్‌ను తెరిచి, పాటను మొదటి నుంచి చివరిదాకా మోగించి చూడవచ్చు. తన పాటను యూఎస్‌బీ ద్వారా బయటకు పంపే మోడల్ అయితే అది ఫోనులోకి ఎక్కుతుంది. ఈ ఫైలును పక్క ఊరిలో మరొక కంపెనీ కీబోర్డుపై మోగిస్తే వరస మారదు కానీ, వాద్యాలు మారవచ్చు. 1991 నాటి జనరల్ మిడి పట్టికలో 128 వాద్యాలకు సంఖ్యలు ఖరారయ్యాయి. అందులో సితార్ 105, షెహనాయి 112. తబలాకు మాత్రం అందులో చోటు లేదు. అందుచేత భారతీయ మోడల్‌లో తబలాతో వేసిన పాట వేరే కీబోర్డుపై మరేదో వాద్యంతో మోగితే కంగారుపడవద్దు. అక్కడ ఆ ట్రాకును ఆపివేసి, ఆ కీబోర్డులోని కెహర్వానో దాద్రానో అదే వేగానికి పెట్టి కలుపుకోవాలి. పాట వేగం, శృతి, తాళం, రిథమ్ నంబరు ఫైలు పేరులోనే రాసి ఉంచితే ఆ పని చేసేవారికి ఎవరినీ అడగవలసిన అవసరం రాదు.