గోడ ప్లగ్గు నుంచి చుక్క ప్రాంప్టు దాకా: పీడీపీ-11/23ని మళ్లీ లేపే పద్ధతి

పాత మినీకంప్యూటర్ చేతికి రాగానే ప్లగ్గు పెట్టి స్విచ్ వెయ్యాలని ఎవరికైనా అనిపిస్తుంది. వెయ్యొద్దు. ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న పవర్ సప్లై ఒక్క క్షణం అదుపు తప్పినా సీపీయూ, మెమరీ బోర్డులు కలిసి పోతాయి. ఈ పనికి సూత్రం ఒకటే: ఒక అంచె రుజువయ్యాకే తర్వాతి అంచె ముట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేది డెక్ (డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్) కంపెనీ పీడీపీ-11/23 గురించి. పీడీపీ-11 వరస 1970లో మొదలైంది. 11/23 అందులో క్యూబస్ (బోర్డులన్నిటినీ కలిపే తీగల వరస) మీద నడిచే చిన్న మోడల్. టేబుల్ మీద పట్టేస్తుంది, సింగిల్ ఫేజు చాలు, టెర్మినల్ తగిలిస్తే మాట్లాడుతుంది. మొదటిసారి చేసేవారికి ఇదే సరైనది. హైదరాబాద్ ఈసీఐఎల్ వారి టీడీసీ-316 లాంటిది దొరికినా కరెంటు గురించి చెప్పిన జాగ్రత్తలు అలాగే పాటించవచ్చు. ఆక్టల్‌లో (0 నుంచి 7 దాకా అంకెలతోనే రాసే సంఖ్యల్లో) ఇచ్చిన కోడు మాత్రం ఈ యంత్రానికే. తెలుగులో రాసిన కమాండ్లను కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు కరెంటు

అమెరికా నుంచి వచ్చిన పెట్టె అయితే వోల్టేజీ సెలెక్టర్ 115 మీద ఉంటుంది. ఈ తరం స్విచింగ్ సప్లైల్లో చాలావాటికి 115 స్థానంలో రెక్టిఫయర్ వోల్టేజీని రెండింతలు చేస్తుంది. మన 230 వోల్టుల శిఖరం 325. రెండింతలైతే 650. లోపల జంటగా ఉన్న పెద్ద కెపాసిటర్లు ఒక్కోటి 200 నుంచి 250 వోల్టులకు చేసినవి కాబట్టి పేలిపోతాయి. సెలెక్టర్‌ను 230కి మార్చి, ఫ్యూజును కూడా 230కి తగ్గ ఆంపియర్లది వేసి, ఆ తర్వాతే మిగతా పని.

ఎర్తింగ్ సంగతి చాలామంది పట్టించుకోరు. పెట్టె లోపలి లైన్ ఫిల్టరు ఫేజుకూ బాడీకీ, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లతో ఉంటుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద దాదాపు 115 వోల్టులు తేలుతుంటాయి. ముట్టుకుంటే చిమచిమలాడుతుంది. సీరియల్ కేబుల్ పెట్టగానే ఆ కరెంటు లాప్‌టాప్‌లోకి దారి వెతుక్కుంటుంది. పాత ఇళ్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూడండి, పూర్తి వెలుగు రావాలి. అది మసగ్గా వెలిగినా, మీటరులో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య నాలుగైదు వోల్టులు దాటినా ఎర్త్ గుంత సరిచేయించండి. ఎర్త్ లీకేజీ బ్రేకరు ఉంటే ఈ బల్బు పరీక్షకు అది ట్రిప్ అవుతుంది, అలాంటిచోట ఎలక్ట్రీషియన్ చేత మీటరుతో కొలిపించాలి. వ్యవసాయ మోటార్లున్న లైనులో వోల్టేజీ తిన్నగా ఉండదు కాబట్టి మంచి స్టెబిలైజర్ ఉండాల్సిందే.

తర్వాత సప్లైని పెట్టెలోంచి బయటికి తీయండి. పసుపురంగు పారదర్శక కాగితపు కెపాసిటర్లు, జనం రిఫాలు అనేవి, పగుళ్లు వేసి ఉంటే చూడక్కర్లేదు, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్యవాటిని 275 వోల్టుల ఎక్స్2 రకంతో, బాడీకి కలిపినవాటిని వై2 రకంతో మార్చేయండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పెద్ద ఎలక్ట్రోలైటిక్‌లను విప్పి ఒక్కొక్కటిగా రీఫార్మ్ చేయాలి, అంటే మెల్లగా వోల్టేజీ ఎక్కిస్తూ మళ్లీ పనికి తేవాలి: 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ ద్వారా డీసీ ఇస్తూ, 50 వోల్టుల నుంచి మొదలుపెట్టి గంటగంటకు పెంచుతూ రేటింగు దగ్గరకు వెళ్లండి. రెసిస్టర్ మీద వోల్టేజీ 10 లోపుకు దిగిందంటే లీకేజీ 1 మిల్లీఆంపు లోపే. రెండు మూడు గంటలైనా దిగని కెపాసిటర్‌ను పక్కన పడేయండి. ఇది ప్రాణం తీసే వోల్టేజీ. పని అయ్యాక స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకుండా రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరులో సున్నా చూశాకే ముట్టుకోవాలి.

బోర్డులు లేకుండా, కానీ లోడు పెట్టి స్విచ్ వెయ్యండి. లోడు లేని స్విచింగ్ సప్లై సరిగా నిలవదు, బాగున్నది కూడా పాడైనట్టు కనిపిస్తుంది. 5 వోల్టుల మీద 1 ఓమ్, 50 వాట్ల రెసిస్టర్ పెడితే 5 ఆంపులు లాగుతుంది. 12 వోల్టుల మీద కారు హెడ్‌లైట్ బల్బు చాలు. మొదటిసారి ఫేజు తీగలో 200 వాట్ల సిరీస్ బల్బు ఉండాలి. ఒక్కసారి మెరిసి తగ్గితే మంచిది, నిండుగా వెలుగుతూ ఉంటే లోపల షార్టు. బల్బు తీసేశాక 5 వోల్టులు 4.75కూ 5.25కూ మధ్య ఉండాలి. అరగంట నడిపి మళ్లీ కొలవండి. ఆసిలోస్కోపులో అలలు 50 మిల్లీవోల్టులు దాటితే అవుట్‌పుట్ కెపాసిటర్లు మార్చండి.

బోర్డులు

వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి సీజన్‌లో గాలిలోనే నూగు ఉంటుంది. ఫ్యాను రెక్కల మీద, బోర్డులు గుచ్చే బ్యాక్‌ప్లేన్ సందుల్లో అది చాప లాగా పేరుకుంటుంది. మెత్తటి కుంచెతో దులిపి, వ్యాక్యూమ్ గొట్టాన్ని దూరంగా పట్టి లాగాలి. బోర్డు అంచు మీది బంగారు పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూగురాని గుడ్డతో తుడవండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే మురికితో పాటు బంగారమూ పోతుంది, ఆర్నెల్లకు మళ్లీ కాంటాక్ట్ గోల మొదలవుతుంది.

మొదటి పరీక్షకు మూడు బోర్డులు చాలు. పిడి మీద ఉన్న ఎమ్ నంబరు చూసి గుర్తుపట్టండి: ఎమ్8186 సీపీయూ, ఎమ్8059 మెమరీ, ఎమ్8043 నాలుగు పోర్టుల సీరియల్. సీపీయూ మొదటి స్లాటులో, మిగతావి దాని వెంట, మధ్యలో ఖాళీ లేకుండా. ఇంటరప్టు (సీపీయూ పని ఆపి తనను చూడమని బోర్డు అడగడం), డీఎంఏ (బోర్డు నేరుగా మెమరీని వాడుకోవడం) గ్రాంట్లు, అంటే అనుమతులు, క్యూబస్‌లో ఒక బోర్డు నుంచి పక్క బోర్డుకు చేతులు మారుతూ వెళ్తాయి, ఖాళీ స్లాటు దగ్గర గొలుసు తెగిపోతుంది. కొన్ని బ్యాక్‌ప్లేన్లలో ఆ గొలుసు తిన్నగా కిందికి దిగుతుంది, కొన్నింట్లో పాములా ఎడమ కుడి తిరుగుతుంది. మీది ఏ రకమో ముందే తేల్చుకోండి. బోర్డు తిరగేసి పెడితే 12 వోల్టులు పోకూడని చోటికి పోతాయి, కాబట్టి చిప్పులున్న వైపు అన్నీ ఒకే దిక్కుకు ఉన్నాయో లేదో రెండుసార్లు చూడాలి.

మొదటి మాట: ఓడీటీ

కన్సోలు కేబుల్‌ను ఎమ్8043 మీది పది పిన్నుల కనెక్టర్ నుంచి లాప్‌టాప్ తొమ్మిది పిన్నుల అడాప్టర్‌కు ఇలా వేయండి: 3 నుంచి అడాప్టర్ 2కు, 8 నుంచి అడాప్టర్ 3కు, 9 నుంచి అడాప్టర్ 5కు. కనెక్టర్ దగ్గరే 7ను 9తో కలపండి. 7 గాల్లో ఉంటే యంత్రం అక్షరాలు పంపుతుంది కానీ మీరు కొట్టింది వినదు. 10వ పిన్నులో 12 వోల్టులు ఉంటాయి, దాని జోలికి వెళ్లొద్దు. అడాప్టర్ ఆర్ఎస్-232 స్థాయిలది కావాలి. ఆర్డ్యునోలకు వాడే 5 వోల్టుల రకం కాలిపోతుంది. వేగం 9600, 8 బిట్లు, పారిటీ లేదు.

ఎల్‌టీసీ (కరెంటు ఫ్రీక్వెన్సీతో నడిచే గడియారం) లేదా ఆక్స్ అని ఉన్న స్విచ్ ఆఫ్ చేసి, హాల్ట్ స్విచ్ వేసి, కరెంటు ఇవ్వండి. ఒక ఆక్టల్ సంఖ్య, దాని కింద @ గుర్తు రావాలి. ఇదే ఓడీటీ: మెమరీ గదులను చూసి మార్చడానికి సీపీయూలోనే ఉన్న చిన్న కమాండ్ పద్ధతి. సగం అక్షరాలు సరిగా, సగం పిచ్చిగా వస్తే పారిటీ జంపర్ తప్పు. అన్నీ పిచ్చిగా వస్తే వేగం తప్పు. అసలేమీ రాకపోతే బ్యాక్‌ప్లేన్ మీదే 5 వోల్టులు కొలిచి, డీసీ వోల్టేజీలు బాగున్నాయని చెప్పే బీడీసీఓకే లైను హై అయిందో లేదో చూడండి.

ఇక 777566/ అని కొట్టి, యంత్రం చూపిన విలువ పక్కన 101 ఇచ్చి ఎంటర్ నొక్కితే తెరమీద ఇంగ్లిష్ ఏ అక్షరం రావాలి. 11/23 ఓడీటీలో చిరునామాలు 18 బిట్లు, అందుకే మొదటి అంకె 7. పాత ఎల్‌ఎస్‌ఐ-11లో అదే 177566, 11/73లో 17777566. పాత కాగితాల్లోని చిరునామా కొట్టి అక్షరం రాకపోతే బోర్డు పాడైందని కంగారు పడకండి, ముందు ఈ తేడా చూసుకోండి. మెమరీకి 0/ దగ్గర 125252, ఆ తర్వాత 052525 రాసి తిరిగి చదవండి. 256 కేబీ బోర్డుకు చివరి గది 757776, అక్కడా అదే పరీక్ష.

ఇప్పుడు చిన్న ప్రోగ్రాము. 1000/ తెరిచి విలువ ఇచ్చి, తర్వాతి గదికి లైన్‌ఫీడ్, అంటే కంట్రోల్-జే.

1000 105737
1002 177560
1004 100375
1006 113737
1010 177562
1012 177566
1014 000771

హాల్ట్ స్విచ్ తీసేసి 1000జీ కొట్టండి. స్విచ్ తియ్యకుండా కొడితే యంత్రం మొదలవ్వగానే ఆగిపోతుంది. ఇప్పుడు మీరు కొట్టిన ప్రతి అక్షరం తిరిగి రావాలి. వస్తే సీపీయూ, మెమరీ, సీరియల్ మూడూ బతికే ఉన్నాయి. రెండు అక్షరాలకే చచ్చిపోతే ఎల్‌టీసీ ఆఫ్ అయిందో లేదో చూడండి: జీ కమాండ్ ఇంటరప్టులకు తలుపు తెరుస్తుంది, గడియారం వచ్చి 100వ వెక్టర్ (ఇంటరప్టు వస్తే ఎక్కడికి దూకాలో చెప్పే గది) తడుతుంది, అక్కడ ఇంకా ఎవరూ లేరు.

టేపు లేకుండా టేపు

డిస్కు డ్రైవులను ఇప్పుడే కదపొద్దు. డెక్ వారి టీయూ58 చిన్న క్యాసెట్ డ్రైవు సీరియల్ పోర్టు మీదే పనిచేసేది. దాన్ని అనుకరించే ప్రోగ్రాము లాప్‌టాప్‌లో నడిపితే ఆపరేటింగ్ సిస్టమ్ కేబుల్ గుండానే వస్తుంది. ఎమ్8043లో 0వ పోర్టును చిరునామా 176500, వెక్టర్ 300, వేగం 38400కు జంపర్ చేయండి. కేబుల్ కన్సోలు లాంటిదే.

ఇమేజ్‌ను సిమ్‌హెచ్ సిమ్యులేటర్‌లో తయారుచేసుకోండి. లైసెన్సు అనుమతించే ఆర్‌టీ-11 (డెక్ వారి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) కాపీ మాత్రమే వాడండి. ఇమేజ్ పరిమాణం కచ్చితంగా 2,62,144 బైట్లు, అంటే 512 బ్లాకులు. అంత చిన్న చోట అన్నీ పట్టవు: ఆర్‌టీ11ఎస్‌జే, స్వాప్, టీటీ, డీడీ అనే నాలుగు సిస్ ఫైళ్లు, వాటితో పాటు పిప్, డప్, డిర్ అనే ప్రోగ్రాములు. కాపీ అయ్యాక బూట్ బ్లాకు రాయడం మరవొద్దు: కాపీ/బూట్:డీడీ డీడీ0:ఆర్‌టీ11ఎస్‌జే.సిస్ డీడీ0: ఇది మరిస్తే యంత్రం “నో బూట్ ఆన్ వాల్యూమ్” అంటుంది.

అనుకరణ ప్రోగ్రాము ముందే నడుస్తూ ఉండాలి. 1000 నుంచి వరసగా ఈ 29 విలువలు ఇవ్వండి:

012701 176500 012702 176504
010100 005212 105712 100376
006300 001005 005012 012700
000004 005761 000002 042700
000020 010062 000002 001362
005003 105711 100376 116123
000002 022703 001000 101371
005007

కొట్టాక మళ్లీ మొదటి నుంచి చదివి సరిచూడండి. ఇది టేపుకు బ్రేక్ పంపి, తర్వాత 4, 10, 0 అనే మూడు బైట్లు పంపుతుంది: సిద్ధమవు, బూట్ ఇవ్వు, 0వ యూనిట్ నుంచి. వచ్చిన 512 బైట్లను సున్నా నుంచి నింపి అక్కడికే దూకుతుంది.

ఎల్‌టీసీ ఇంకా ఆఫ్‌లోనే ఉంచి 1000జీ కొట్టండి. కొన్ని క్షణాలకు ఆర్‌టీ-11 పేరు, వెర్షను, దాని కింద ఒక చుక్క వస్తాయి. పేరు దాకా వచ్చి బిగుసుకుపోయిందా? గ్రాంటు గొలుసు చూడండి. ఇంతవరకు నడిచిన కోడు ఇంటరప్టులు లేకుండా సాగింది, డ్రైవరు మొదలయ్యాకే వాటి అవసరం పడుతుంది. ఎకో ప్రోగ్రాము చక్కగా నడిచి ఆపరేటింగ్ సిస్టమ్ ఆగిపోవడానికి తరచూ కారణం ఒక్క ఖాళీ స్లాటు.

ఫ్లాపీ, 50 హెర్ట్జ్

ఆర్‌ఎక్స్02 ఎనిమిది అంగుళాల ఫ్లాపీ అమెరికా నుంచి వచ్చిందయితే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే సరిపోదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. మోటారు ఏసీ సింక్రనస్ రకం. 60 హెర్ట్జ్‌లో డిస్కు నిమిషానికి 360 చుట్లు తిరగాలి, మన 50లో 300 తిరుగుతుంది. ఒక్క సెక్టరూ చదవదు. స్కోపులో ఇండెక్స్ పల్సుల మధ్య దూరం 166.7 మిల్లీసెకన్లు ఉండాల్సింది 200 కనిపిస్తే ఇదే జబ్బు.

మందు లేతు షాపులో ఉంది. మోటారు పుల్లీని 6/5 వంతు పెద్దదిగా తీయించాలి. బెల్టు మందాన్ని కూడా లెక్కలో వేయాలి: పాత పుల్లీ 20 మిల్లీమీటర్లు, బెల్టు 0.8 అయితే, 20.8ని 1.2తో హెచ్చించి 0.8 తీసేస్తే 24.16. వెర్నియర్‌తో మీ పుల్లీనే కొలిచి లెక్కేయండి. పాత పుల్లీ నడుము కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, బెల్టును మధ్యలో నిలిపేది ఆ ఉబ్బే. లేతు మనిషికి నమూనా చేతికిచ్చి అది చూపించకపోతే నున్నగా తీస్తాడు, బెల్టు పది నిమిషాల్లో జారుతుంది. బిగించాక బెల్టు మరీ బిగుతైతే కొంచెం పొడవుది వెతకాలి.

ఆర్‌ఎల్02 లాంటి 10.4 మెగాబైట్ల డిస్కుల్లో లోపలి నురుగు స్పాంజి పొడి అవుతుంది. ఫిల్టర్లు మార్చి శుభ్రం చేసేదాకా కార్ట్రిడ్జ్ ఎక్కించొద్దు. వరంగల్ మే నెల ఎండలో 40 డిగ్రీలు దాటిన గదిలో అసలే నడపొద్దు.

చుక్క వచ్చాక

మొదట డిర్ కొట్టండి, ఫైళ్లన్నీ కనబడాలి. ఇప్పుడు ఎల్‌టీసీ వేసి టైమ్ కమాండ్‌తో గడియారం పెట్టండి. గంట తర్వాత 50 నిమిషాలే నడిచినట్టు చూపిస్తే మానిటర్ (తెర కాదు, ఆర్‌టీ-11 మూల ప్రోగ్రాము) 60 హెర్ట్జ్‌కు తయారైందన్నమాట, 50కి సిస్‌జెన్ చేసుకోవాలి, అంటే మళ్లీ తయారుచేసుకోవాలి. పాత వెర్షన్లు తేదీలో సంవత్సరాన్ని 1972 నుంచి 5 బిట్లలో లెక్కిస్తాయి, 2003తో చోటు అయిపోతుంది. అలాంటప్పుడు 28 ఏళ్లు వెనక్కి పెట్టండి, 2026కు బదులు 1998. తేదీకి వారం సరిగ్గా సరిపోతుంది.

యునిక్స్ కావాలనుకునేవారు 2.11బీఎస్‌డీ అనే యునిక్స్ రకం కోసం 11/23తో కుస్తీ పట్టొద్దు. దానికి ఇన్‌స్ట్రక్షన్లకూ డేటాకూ వేర్వేరు చోట్లు కావాలి, ఆ సౌకర్యం 11/73 లాంటి మోడళ్లలోనే ఉంది. అక్కడ కెర్నెల్ కాన్ఫిగరేషన్‌లో లైన్‌హెచ్‌జెడ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ) విలువను 60 నుంచి 50కి మార్చి కంపైల్ చేయాలి.

టీయూ58 ఇమేజ్‌లో యంత్రం రాసిన ప్రతి మార్పూ లాప్‌టాప్ ఫైల్లోకే పోతుంది. అందుకే రాత్రి ఆఫ్ చేసే ముందు అనుకరణ ప్రోగ్రామును ఆపి, ఆ ఫైలుకు తేదీ పేరుతో ఒక కాపీ తీసి పెట్టుకోండి.