ఇంటి తెలుగు – 8వ పాఠం: ‘పాడైంది’ అనకుండా

పోయిన పాఠంలో బాగుచేసే మాటలు నేర్చుకున్నాం. అతికించడం, కుట్టడం, బిగించడం, సొట్ట తీయడం, గండి పూడ్చడం, ఇలాంటివి. చివర్లో, వీటికి వ్యతిరేక పదాలు రాయండి చాలు అన్నాను. మీ జవాబులు చూశాక ఈ వారం చెప్పాలనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. ముందు ఇది తేలాలి.

కొందరు ‘కుట్టకపోవడం’, ‘అతికించకపోవడం’ అని రాశారు. చొక్కా కుట్టకపోతే అది ఉన్నట్టే ఉంటుంది, కొత్తగా ఏమీ చిరగదు. పని జరగలేదని చెప్పడం వేరు, దానికి ఎదురు పని జరిగిందని చెప్పడం వేరు. వీళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మిగతావాళ్లంతా అన్నిటికీ ఒకే జవాబు రాశారు: ‘పాడుచేయడం’. నా గొడవంతా వీళ్లతోనే. టీ.నగర్‌లో కొన్న హ్యాండ్‌బ్యాగు పాడైందని ఒకరు వాక్యం రాశారు. బాగుచేసేవాడి దగ్గరికెళ్లి ఆ మాటే అనండి, “ఏమైందమ్మా?” అని అడుగుతాడు. పట్టీ తెగిందా, జిప్పు ఊడిందా, లోపలి గుడ్డ చిరిగిందా, బకిల్ విరిగిందా? ఒక్కోదానికి ఒక్కో పనిముట్టు తీయాలి అతను. ‘పాడైంది’ అంటే వాడుకోవడానికి పనికిరావట్లేదని మాత్రమే అర్థం. ఏమైందో అందులో లేదు.

నేను వాడే అడ్డదారి చెప్తాను. వ్యాకరణం పుస్తకాల్లో ఇలా ఉండదు, కానీ పని జరుగుతుంది. వస్తువుని చూడకండి, మరమ్మతుని చూడండి. సూదీ దారం కావాలంటే అది చిరిగింది. ముడి వేస్తే సరిపోతుందంటే తెగింది. కట్టు కట్టాలంటే విరిగింది. మేకు కొట్టి, స్క్రూ తిప్పి మళ్లీ పెట్టాలంటే ఊడింది. చీపురు తెచ్చి ఎత్తిపారేయడమే గతి అయితే పగిలింది. స్టీలు గిన్నె కిందపడితే పగలదు, సొట్ట పడుతుంది. ‘మిక్సీ స్టీలు జారు పగిలింది’ అని రాసినవాళ్లు దాన్ని ఒకసారి కిందపడేసి చూడండి.

మద్రాసులో పెరిగినవాళ్లకి ఇది కష్టమంటే నేను ఒప్పుకోను. మీ నోట్లో తమిళం ఉందిగా! కొమ్మకి ‘ఒడింజుదు’ అంటారు, గ్లాసుకి ‘ఒడంజుదు’ అంటారు, చొక్కాకి ‘కిళింజుదు’, తాడుకి ‘అరుందుదు’. వీధిలో కూరలమ్మే ఆవిడతో ఈ తేడాలన్నీ తప్పు లేకుండా పాటించి, ఇంటికొచ్చి అమ్మతో మాత్రం ‘బ్రేక్ అయిపోయింది’ అంటారు. వరసగా విరిగింది, పగిలింది, చిరిగింది, తెగింది అని పక్కపక్కన రాసుకోండి, సగం పాఠం అయిపోయినట్టే.

ఒంటికీ మనసుకీ ఇవే మాటలు. కాలు విరుగుతుంది, తల పగులుతుంది. పెదాలు, మడమలు కూడా పగులుతాయి. పాలు విరుగుతాయి, ఇక్కడ కట్టు లెక్క పనిచేయదు, ఊరికే గుర్తుపెట్టుకోండి. గుండె పగులుతుంది, మనసు విరుగుతుంది. ఆ రెండూ ఒకటి కావు: గుండె పగిలినవాడు ఏడుస్తాడు, మనసు విరిగినవాడు మీ ఇంటికి రావడం మానేస్తాడు. చెప్పు తెగుతుంది, గాలిపటం తెగుతుంది, చెరువు కట్టా తెగుతుంది. కానీ బేరం తెగిందంటే కుదిరిందని! తగవు తెగిందంటే తీరిందని. ‘తెగింది’ కనపడగానే నష్టం అనుకోకండి.

ఇప్పుడు అసలు గుంట. దీని దగ్గర దాదాపు అందరూ పడ్డారు, అందుకే కాస్త విసుగ్గా చెప్తున్నాను, ఏమనుకోకండి.

‘తమ్ముడు గ్లాసు పగిలాడు.’ ‘కోతి కొమ్మ విరిగింది.’ తమ్ముడు పగలడు, కోతి విరగదు. తనంతట తాను జరిగేదానికి ఒక రూపం, ఎవరో చేసేదానికి ఇంకో రూపం ఉన్నాయి తెలుగులో. విరిగింది – విరిచాడు. చిరిగింది – చించాడు. తెగింది – తెంచాడు. కూలింది – కూల్చాడు. కాలింది – కాల్చాడు. పగిలింది – పగలగొట్టాడు. ఊడింది – ఊడదీశాడు. ‘చెరపకురా చెడేవు’ అన్న సామెతలో ఈ రెండు రూపాలూ పక్కపక్కనే ఉన్నాయి. చెరిపేది ఇంకొకరిని, చెడేది నువ్వు. అయితే ఈ సామెత చూసి ‘చెరిచాడు’ అని మాత్రం ఎక్కడా వాడకండి, ఆ మాటకి ఇప్పుడు అత్యాచారం అన్న అర్థమే మిగిలింది. ‘చెడగొట్టాడు’ అనండి. పలక మీద రాతకి ‘చెరిపాడు’ అనొచ్చు, ఇబ్బంది లేదు.

మన ఊరి ఉదాహరణే చూడండి. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌళివాక్కంలో కట్టుబడిలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలింది. 61 మంది చనిపోయారు. దాని పక్కనే అలాంటిదే ఇంకొకటి ఉండేది. అది కూలలేదు. ప్రమాదమని 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. ఒకే స్థలం, ఒకే రకం భవనాలు. మొదటిదానికి ‘కూల్చారు’ అని రాస్తే ఎవరో పనిగట్టుకుని చంపారని నింద వేసినట్టు. రెండోదానికి ‘కూలింది’ అని రాస్తే అధికారుల నిర్ణయం వాక్యంలోంచి మాయమైనట్టు. ఒక్క ‘ల్చ’ తేడా!

అడయారు నది సముద్రంలో కలిసే చోట ‘బ్రోకెన్ బ్రిడ్జి’ ఉంది కదా, 1977లో దాని మధ్యభాగం పోయింది. దాన్ని ఎవరూ విరగ్గొట్టలేదు, నీటి వడికి కొట్టుకుపోయింది. ‘కొట్టు’ ఉంది కదా అని అక్కడ మనిషిని వెతక్కండి.

‘గ్లాసు తమ్ముడిచేత పగలగొట్టబడింది’ అని రాసినవాళ్లూ ఉన్నారు. ఈ ‘బడు’ని ఆఫీసు కాగితాలకి వదిలేయండి. ఇంట్లో ఏ తల్లీ ఇలా తిట్టదు. ‘తమ్ముడు పగలగొట్టాడు’ అంటుంది, లేదా తమ్ముణ్ని వెనకేసుకొస్తే ‘పగిలిందిలే’ అంటుంది.

ఇంకో మెట్టు ఎక్కుదాం. ‘విరిచాడు’, ‘విరగ్గొట్టాడు’ రెండూ మనిషి చేసినవే, తేడా ఏంటి? కోయంబేడు మార్కెట్లో బెండకాయ లేతదో కాదో చూడటానికి కొస విరుస్తాం. విరగ్గొట్టం. వేపపుల్ల విరుస్తాం. కుర్చీ కాలు విరగ్గొడతాం. కావాలని, ఒక పని కోసం చేస్తే ‘విరిచాం’, నష్టం చేస్తే ‘విరగ్గొట్టాం’. ‘గొట్టు’ తగిలిందంటే దాదాపు ఎప్పుడూ తిట్టే: చెడగొట్టాడు, ఊడగొట్టాడు, పోగొట్టాడు. తిరిగి ఇవ్వడానికి ఎదురైన ‘ఎగ్గొట్టడం’ కూడా ఈ ఇంటిదే. పోగొట్టడం దగ్గర ఒక చిన్న జాగ్రత్త: ‘పరువు పోగొట్టాడు’ అంటే మన పరువు, ‘పోగొట్టుకున్నాడు’ అంటే తన పరువు.

ఇక పేపర్లలో కనిపించే పెద్ద మాటలు. ‘పునరుద్ధరణ’కి చాలామంది ‘విధ్వంసం’ అని రాశారు. ఏం పునరుద్ధరించారో చూడాలి కదా! కరెంటు పునరుద్ధరణకి ఎదురు నిలిపివేత. ఆగిన పింఛను పునరుద్ధరిస్తే దానికి ఎదురు రద్దు. గుడి జీర్ణోద్ధరణకి ఎదురు, కాలం చేస్తే శిథిలం, మనిషి చేస్తే ధ్వంసం. ప్రతిష్ఠకి ఎదురు ఉద్వాసన. వినాయక చవితి పూజ చివర్లో స్వామికి చెప్పేది అదే, ఉద్యోగం ఊడినవాడికి చెప్పేదీ అదే. నాకు ఇందులో బాగా నచ్చే మాట ఇదొక్కటే. మిగతావి అవసరమైనప్పుడు వాడుకుంటే చాలు.

తుప్పు, చెద, బూజు, నాచు ‘పడ్డాయి’ కాదు, ‘పడింది’ కూడా కాదు, ‘పట్టాయి, పట్టింది’. బీసెంట్ నగర్‌లో ఉండేవాళ్లకి సముద్రం గాలి వల్ల కిటికీ ఊచల మీద ఈ పాఠం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

అభ్యాసం. మీరొక పాత అద్దె ఇంట్లో ఉన్నారనుకోండి. ఓనరు తెలుగాయనే, పెద్దాయన. ఇంట్లో ఏమేం బాగుచేయించాలో ఆయనకి ఉత్తరం రాయండి, పన్నెండు వాక్యాలకి తగ్గకూడదు. ‘పాడు’, ‘బ్రేక్’, ‘డ్యామేజ్’, ‘బడు’ – ఈ నాలుగూ ఎక్కడా రాకూడదు. గోడ పెచ్చులూడటం, బాత్రూం టైలు, తలుపు గొళ్లెం, దోమతెర, బట్టలారేసే తీగ తప్పకుండా ఉండాలి. ఒక్కో వాక్యంలో అది దానంతటదే జరిగిందో, ఎవరైనా చేశారో తెలియాలి. ఒక వస్తువు మీ పిల్లాడే పగలగొట్టాడు. ఆ వాక్యం అబద్ధం లేకుండా, ఓనరు అడ్వాన్సులోంచి కోసుకోకుండా ఉండేలా రాయండి. ‘మీరు’, ‘అండి’ మర్చిపోకండి, అవి 2వ పాఠంలోనే అయిపోయాయి.