జంట వాద్య జాజ్, 4వ పాఠం: కోల్ట్రేన్ నాలుగు స్వరాలు, బాస్ తోడు లేకుండా

రైడ్ సింబల్ (లయను నడిపే పెద్ద సింబల్) నడక, టెనర్ సాక్సోఫోన్ మీద దీర్ఘస్వరాలు, ఇద్దరూ నాలుగేసి బార్లు (ఒక బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తనం) పంచుకోవడం గత మూడు పాఠాల్లో అయ్యాయి. ఈసారి టెనర్, డ్రమ్స్ మాత్రమే పెట్టుకుని అమెరికన్ జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్‌కు ఏడు నిమిషాల నివాళి కడదాం.

కోల్ట్రేన్ పేరెత్తగానే జంటలన్నీ 'ఇంటర్‌స్టెల్లార్ స్పేస్' మీద పడతాయి. పడటంలో తప్పు లేదు. 1967 ఫిబ్రవరి 22న న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ స్టూడియోలో ఆయనా డ్రమ్మర్ రషీద్ అలీ ఇద్దరే వాయించిన రికార్డు అది. ఐదు నెలలు నిండకుండానే, జులై 17న, కోల్ట్రేన్ కన్నుమూశారు. ఆల్బమ్ 1974లో గానీ బయటికి రాలేదు. తప్పక వినండి, కానీ దాంతో మొదలుపెట్టకండి. అందులో వేళ్లమీద లెక్కపెట్టుకునే తాళం దొరకదు. తాళం బాగా ఒంటబట్టినవాళ్లు దాన్ని వదిలేయడం వేరు, ఇంకా పట్టు చిక్కనివాళ్లు వదిలేయడం వేరు.

మనకు కావలసింది అదే స్టూడియోలో 1964 డిసెంబరు 9న రికార్డయిన 'ఎ లవ్ సుప్రీమ్' ఆల్బమ్ మొదటి భాగంలో ఉంది. బాస్ మీద జిమ్మీ గారిసన్ పట్టుకునే నాలుగు స్వరాలు: ఎఫ్, ఎ ఫ్లాట్, ఎఫ్, బి ఫ్లాట్. ఎఫ్‌ను షడ్జం అనుకుంటే స గ స మ. గాంధారం సాధారణం, మధ్యమం శుద్ధం. దీనికి పంచమం, కైశికి నిషాదం కలిపితే శుద్ధ ధన్యాసి స్వరాలే. మనవాళ్ల లెక్కలో ఇది నాలుగు శ్రుతి. సోలోకు ఈ అయిదు స్వరాలు చాలు. గమకాలు మాత్రం పెట్టకండి, రంగు మారిపోతుంది.

టెనర్ రాసినదానికంటే కిందికి పలుకుతుంది, దానికి రాసేటప్పుడు ఒక పూర్తి స్వరం (రెండు అర్ధస్వరాలు) పైకి జరగాలి కాబట్టి వేళ్లకు వచ్చేది జి, బి ఫ్లాట్, జి, సి. బి ఫ్లాట్‌కు పక్క మీట వాడకండి. ఎడమ చూపుడువేలిని బి మీటకూ దాని కింది చిన్న బిస్ మీటకూ మధ్య ఆనించి, రెండూ నొక్కే ఉంచండి. అప్పుడు జి నుంచి బి ఫ్లాట్‌కు మధ్యవేలు, ఉంగరపు వేలు లేపితే సరిపోతుంది. ఈ పట్టులో బి నేచురల్ రాదు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక డ్రమ్స్. బాస్ లేదు, పియానో లేదు, తంబురా లాంటిది ఏదో ఒకటి కావాలి కదా! నేల మీద నిలిపే 14 అంగుళాల పెద్ద డ్రమ్ము, ఫ్లోర్ టామ్‌ను ఎఫ్‌కు, అంటే సుమారు 87 హెర్ట్జ్‌కు, 12 అంగుళాల టామ్‌ను సి కి, సుమారు 131కి, శ్రుతి చేయండి. స, ప రెండూ డ్రమ్మర్ చేతికొచ్చాయి. బోల్టులు ఎదురెదురుగా, ఒక్కోటి పావు చుట్టు చొప్పున తిప్పండి. ప్రతి బోల్టుకు అంగుళం లోపల తట్టి అన్నీ ఒకే స్థాయిలో పలుకుతున్నాయో లేదో చూడండి. ఒక్కటి తేడాగా ఉన్నా టామ్ రెండు స్వరాలు పలుకుతుంది, దాని పక్కన సాక్స్ అపశ్రుతిలా వినిపిస్తుంది. స్నేర్ డ్రమ్ అడుగున ఉండే తీగలు వదులు చేసి దించేయండి. బిగించి ఉంటే టెనర్ కింది స్వరాలు ఊదిన ప్రతిసారీ వాటంతట అవే బుస్సుమంటాయి.

అభ్యాసం మెట్రోనోమ్ 96 (నిమిషానికి 96 దెబ్బలు) దగ్గర మొదలుపెట్టండి. డ్రమ్మర్ ఎడమ కాలితో హైహ్యాట్‌ను (కాలితో మూసే జంట సింబల్స్) 2, 4 దెబ్బల మీద మూయాలి. మిగతాదంతా తిశ్రం: కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కుడి కాలు. ఒక బార్‌కు పన్నెండు దెబ్బలు. ముందు 'తకిట' నాలుగుసార్లు. అది నిలిచాక అవే పన్నెండు దెబ్బల్ని 'తకధిమి' మూడుసార్లుగా విడదీసి, ప్రతి 'త' మీద ఊనిక పెట్టండి. 'ఎ లవ్ సుప్రీమ్'లో డ్రమ్స్ వాయించిన ఎల్విన్ జోన్స్ అలల ఊపుకు దగ్గరి దారి ఇదే. ఇక్కడ పొరపాటు ఎప్పుడూ కాలిదే. ఊనిక మారగానే హైహ్యాట్ కూడా దాని వెంట పోతుంది. పోతే చేతులు ఆపి, హైహ్యాట్ ఒక్కటే మోగిస్తూ నోటితో 'తకధిమి' అనండి. వారం పట్టినా పరవాలేదు.

సాక్స్ మొదటి రెండు నిమిషాలూ నాలుగు స్వరాలు దాటకూడదు. తర్వాత శుద్ధ ధన్యాసిలో విస్తరించవచ్చు, కానీ ప్రతి నాలుగు బార్లలో ఒకసారైనా కింది జి కి (పలికేది ఎఫ్, మన షడ్జం) దిగి కనబడాలి. దిగకపోతే వినేవాళ్లకు షడ్జం జారిపోతుంది, పైన ఎంత వేగంగా ఊదినా గాలిలో తేలుతుంది. పియానో లేకుండా సాక్స్ ఒక్కటే కార్డుల (కలిపి పలికే స్వరాల గుంపుల) నడకను ఎలా వినిపిస్తుందో తెలియాలంటే 1959 నాటి 'కౌంట్‌డౌన్' మొదటి నిమిషం వినండి. ఆర్ట్ టేలర్ డ్రమ్స్ మీద ఎత్తుకున్నాక పియానో చేరేదాకా కోల్ట్రేన్ ఆ ఒక్క తోడుతోనే ఊదుతారు.

నాలుగో నిమిషంలో అసలు ఘట్టం. 'ఎ లవ్ సుప్రీమ్'లో కోల్ట్రేన్ ఈ నాలుగు స్వరాల్ని పన్నెండు శ్రుతుల్లోనూ తిప్పుతారు. మనవాళ్లు దీన్ని గ్రహభేదం అనుకుని తికమక పడతారు. కాదు. గ్రహభేదంలో స్వరస్థానాలు అవే ఉండి షడ్జం మారుతుంది, ఇక్కడ స గ స మ అలాగే ఉండి శ్రుతే జరుగుతుంది. ముందు అర్ధస్వరం చొప్పున పైకి, వచ్చాక పంచమం చొప్పున, చివరికి చీట్లు తీసి ఏది వస్తే అది. రెండు చోట్ల చేతులు తడబడతాయి. టెనర్ లెక్కలో ఎ, సి, ఎ, డి దగ్గర చివరి గెంతులో ఒక వేలు మీదున్న సి నుంచి ఆరు వేళ్ల డి కి పోవాలి, మధ్యలో దొంగస్వరం తొంగిచూస్తుంది. సి ఊదుతుండగానే కుడిచేతి మూడు వేళ్లూ మూసి ఉంచుకుంటే పోతుంది. రెండోది అడుగున బి ఫ్లాట్, డి ఫ్లాట్: రెండూ ఎడమ చిటికెనవేలివే. ఆ ఒక్క శ్రుతిని పై స్థాయిలో ఊదేయండి.

ఈ తిరుగుడులో డ్రమ్మర్ టామ్‌లు ముట్టకూడదు. షడ్జం కదిలిపోతున్నప్పుడు ఎఫ్ మోగితే అడ్డొస్తుంది. రైడ్, స్నేర్ చాలు. ఇంకో జబ్బు, సాక్స్ ఏం ఊదితే దాన్నే చిలకలా తిరిగి కొట్టడం. రెండు నిమిషాల్లో విసుగు పుడుతుంది. జవాబు చెప్పకుండా రెండు బార్లు ఆగి చూడండి. గొంతు పెరిగేకొద్దీ రీడ్‌ను (ఊదే చోట కంపించే పలచటి పుల్ల) కొరకడం సాక్స్ వైపు జబ్బు. శ్రుతి పైకి పోతుంది. పెదవి వదులు చేసి గాలి పెంచండి. రీడ్ రెండున్నర లేదా మూడు నంబరు చాలు.

'ఇంటర్‌స్టెల్లార్ స్పేస్'లో కోల్ట్రేన్ చిరుగంటలు ఆడిస్తారు. మనకు గజ్జెల పట్టీ ఉంది. మొదట ఇరవై సెకన్లు, చివర ఇరవై.

ముగింపు: 'ఎ లవ్ సుప్రీమ్'లో ఆ నాలుగు స్వరాల మీదే గొంతులు మంత్రంలా సాగి, చివర్లో ఎఫ్ నుంచి ఇ ఫ్లాట్‌కు దిగుతాయి. మీరూ దిగండి. టెనర్ మీద జి కాస్తా ఎఫ్ అవుతుంది: ఎఫ్, ఎ ఫ్లాట్, ఎఫ్, బి ఫ్లాట్. ఇక్కడ మళ్లీ ఫ్లోర్ టామ్ గురించి జాగ్రత్త. ఇప్పటిదాకా అది షడ్జం, ఈ క్షణం నుంచి చతుశ్రుతి రిషభం. సాక్స్ దిగడానికి రెండు బార్ల ముందే డ్రమ్మర్ బ్రష్‌లు అందుకుని సింబల్ మీదికి వెళ్లిపోవాలి.

తర్వాతి పాఠం: మెట్రోనోమ్ ఆపేశాక.