పెరటి అందాల గుమ్మడి – 3వ పాఠం: ఆడపువ్వుకు కాపలా

నవంబరులో విత్తినవాళ్ల పాదులు సంక్రాంతి వేళకి పూతకొస్తాయి. అక్టోబరులో విత్తొద్దని ఎందుకన్నానంటే, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు అది తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చింది ఆ నెలలోనే. పందిరితో సహా పోతుంది.

మొదట విచ్చేవి దాదాపు అన్నీ మగపువ్వులే. కొన్నాళ్లు పిందె కనబడకపోతే టెన్షన్ పడకండి. పువ్వు అడుగున చూడండి: ఉత్త కాడే ఉంటే మగది, బుల్లి కాయ ఉంటే ఆడది. గొబ్బెమ్మలకి పిల్లలు కోస్తామంటే మగవే చూపించండి, మన పనికి నాలుగు మిగిల్చి.

ఇక అసలు విషయం. తలపాగా చుట్టినట్టుండే టర్క్స్ టర్బన్ రకం గుమ్మడిని యూరప్ తోటల్లో సుమారు రెండు వందల ఏళ్లుగా విత్తనం దాచుకుంటూ పెంచుతున్నారు. మనమూ దాచుకోవచ్చు, తేనెటీగ అడ్డం రాకపోతే. అది పక్కింటి పాదు మీద వాలి మన పువ్వు మీదకొస్తే, ఈ ఏడు కాయ చక్కగా తలపాగాలాగే ఉంటుంది. తేడా అంతా లోపలి గింజల్లో దాక్కుని వచ్చే ఏడు బయటపడుతుంది. కాయ బాగుంది కదా అని గింజ దాచినవాళ్లంతా మోసపోయేది ఇక్కడే.

అయితే అన్నిటికీ భయపడక్కర్లేదు. ఆనపకాయ, బూడిద గుమ్మడి పక్కనున్నా దీంతో కలవవు, వాటి జాతులే వేరు. మనం పులుసు పెట్టుకునే నాటు గుమ్మడి సాధారణంగా మస్కాటా జాతి, టర్బన్‌ది మాక్సిమా. ఇవి రెండూ కలవడం అరుదు. జాగ్రత్తపడాల్సింది ఇంకో మాక్సిమా రకం దగ్గర్లో ఉన్నప్పుడు. అరచేతిలో పట్టే రంగురంగుల అలంకారపు బుర్రకాయలు పెపో జాతివి. వాటితో కలిసిన కూర రకాల గింజ నుంచి చేదు కాయలు రావచ్చు. ఆ చేదు విషం, ఉడికించినా పోదు. నాలుకకి చేదు తగిలితే ఉమ్మేసి, కూర పారబోయండి.

సాయంత్రం పాదు దగ్గర కూర్చుని మొగ్గలు చూడండి. కొన పసుపు తిరిగి, రేకులు ఇంకా ముడుచుకునే ఉన్నది మర్నాడు విచ్చుకుంటుంది. అలాంటి ఆడమొగ్గ ఒకటి, మగమొగ్గలు రెండు ఎంచి కొనల్ని నూలుదారంతో కట్టేయండి. బట్టల క్లిప్పు వద్దు, రేకు చిరుగుతుంది.

తెల్లారి, ఎండెక్కకముందే, మగపువ్వుని కాడతో కోసి రేకులు ఒలిచేయండి. మధ్యలో పుప్పొడి అంటిన కాడ మిగులుతుంది. ఆడపువ్వు దారం విప్పి, లోపలి తమ్మెల మీద దాన్ని అన్ని వైపులా మెల్లగా రుద్దండి. పసుపు పొడి అంటుకోవడం కంటికి కనబడాలి. రెండో మగపువ్వుతో కూడా రుద్ది, వెంటనే రేకులు మూసి మళ్లీ కట్టేయండి. కట్టడం మర్చిపోతే చేసిందంతా దండగ. పది దాటితే పువ్వు వాడిపోతుంది, ఆ పూటకి వదిలేయండి.

నాలుగైదు రోజుల్లో పిందె ఉబ్బితే పట్టినట్టు, పసుపుబారి రాలితే ఇంకో పువ్వు చూసుకోవాలి. పట్టినదాని కాడకి రంగు ఉన్నిదారం వదులుగా కట్టి ఇంట్లో అందరికీ చెప్పండి, లేకపోతే దప్పళంలోకి పోతుంది. పండు ఈగ లేత పిందెలోనే గుడ్లు పెడుతుంది కాబట్టి పలచని పాత గుడ్డతో సంచి కుట్టి తొడగండి. కాడ బెరడు కట్టి, తొక్కలో గోరు దిగనంత గట్టిపడేదాకా కాయ తీగ మీదే ఉండాలి. గింజ తీయడం 4వ పాఠంలో.